ముచ్చికల లెక్క

గుంటూరు,
ఆదివారం

చిన్నా, బుజ్జితల్లీ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, "నాన్నకి జీతం పెరిగిందిగా తాతయ్యా, మరి ఆఫీసు పేరెత్తితే ఎందుకంత చిరాకు?" అని. అప్పుడు నాకు మాట తోచలేదు. అందుకే రాస్తున్నాను.

మిర్చి యార్డు దగ్గర ఒక కొట్లో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో, మిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఆడవాళ్ల లెక్క నా చేతిలోనే ఉండేది. కిలోకి ఇంతని కూలి. ఒక వేసవిలో సరుకు తొందరగా పంపాలి. రోజుకి ఇన్ని కిలోలు దాటితే పైన కొంత ఇస్తామని చెప్పాను. ఆలోచనా నాదే, తప్పూ నాదే. మూడు రోజుల్లో కిలోలు బాగా పెరిగాయి. బస్తా విప్పి చూస్తే సగం కాయలకు ముచ్చికలు అలాగే ఉన్నాయి, రంగు పోయిన తాలుకాయలు కూడా కలిసిపోయాయి. వాళ్లని ఏమనను? డబ్బిస్తానన్నది కిలోలకి. కిలోలే ఇచ్చారు.

వాళ్లలో పెద్దావిడని కూర్చోబెట్టి అడిగాను. "గుమాస్తాగారూ, బాగాలేదని రోజూ అంటారు. బాగుందని ఒక్కరోజన్నా అన్నారా? ఈ కాయ ఎటు పోతుందో చెప్పారా? చేతులు మండిపోతుంటే ఇంత కొబ్బరినూనె ఇచ్చారా?" అంది. సిగ్గేసింది. నూనె తెప్పించాను. రేకుల కింద నుంచి చెట్టునీడకి మార్చాను. శాంపిలు పోయే ముందు వాళ్లకే చూపించేవాణ్ణి. కూలి పెంచమని యజమానితో పోట్లాడితే, అడిగినదాంట్లో సగం ఒప్పుకున్నాడు. ఆ సగం లేకుండా నా మెచ్చుకోళ్లు వట్టి కబుర్లే అయ్యేవి.

అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సుమారు 200 మంది ఇంజినీర్లనీ అకౌంటెంట్లనీ కదిలించి, 1959లో పుస్తకం వేశాడు. ఉద్యోగంలో బాగా ఆనందించిన రోజేది, బాగా విసిగిన రోజేది అన్నదే ప్రశ్న. విసుగు దగ్గర కంపెనీ రూల్సు, పైఅధికారి తీరు, జీతం లాంటివి వచ్చాయి. ఆనందం దగ్గర ఏదో సాధించామన్న తృప్తి, గుర్తింపు, అసలు ఆ పనే. అంటే జీతం చాలకపోతే మనిషి కుమిలిపోతాడు. చాలినంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదు. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే పైవాడి తప్పు అనడం మనుషులకి అలవాటేగా అని ఆయన్ని తప్పుబట్టినవాళ్లూ ఉన్నారు. అదీ నిజమే అనిపిస్తుంది నాకు.

మీ నాన్న ఆర్నెల్లు రాత్రింబవళ్లు చేసిన పని వేరేవాళ్ల పేరుతో పైకి వెళ్లింది. జీతం పెంచారు, ఆ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక "ఇవాళ ఏం చేశావు నాన్నా?" అని అడగండి. సగం అర్థం కాకపోయినా వినండి.

పండుమిర్చి పచ్చడి పంపిస్తున్నాను. ముచ్చికలు మీ నానమ్మ తీసింది. కూలి అడగలేదు కానీ, ఎలా ఉందో ఫోన్ చేసి చెప్పమంది.

మీ తాతయ్య