బటన్ నొక్కితే డబ్బు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మీ ముందు ఒక బటన్ ఉంది. నొక్కితే బోలెడు డబ్బు వస్తుంది. కాకపోతే ఎక్కడో, మీకు ముక్కూమొహం తెలియని ఒక మనిషికి హాని జరుగుతుంది. నొక్కింది మీరేనని ఎవరికీ తెలియదు. నొక్కుతారా?

మంచిచెడుల విషయంలో మనుషులు ఎలా నిర్ణయాలు తీసుకుంటారన్నది నేను చెప్పే పాఠం. కొత్త బ్యాచ్ రాగానే మొదట ఈ ప్రశ్నే అడుగుతాను. కొందరు "ఛీ" అంటారు, కొందరు "ముందు ఎంతో చెప్పండి" అని నవ్వుతారు. తర్వాత జరిగే వాదనలో మాత్రం ఏటా అవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ప్రతి మనిషికీ ఒక రేటు ఉంటుంది

లోకం తెలిసినట్టు అనిపించే మాట ఇది. రేటు అంటే మనిషి లోపల ఎక్కడో రాసిపెట్టి ఉన్న అంకె అని, అది దాటితే ఎవరైనా లొంగుతారని దీని అర్థం. ప్రయోగాల్లో కనిపించేది ఇలా ఉండదు.

2014లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో మాలీ క్రాకెట్ బృందం నిజం డబ్బుతో, నిజం కరెంటు షాకులతో దీన్ని పరీక్షించింది. ఎక్కువ షాకులకు ఎక్కువ డబ్బు, తక్కువ షాకులకు తక్కువ డబ్బు. కొన్నిసార్లు షాకులు తనకే, కొన్నిసార్లు పక్క గదిలోని అపరిచితుడికి. డబ్బు మాత్రం ఎప్పుడూ నిర్ణయించేవాడికే. పేర్లు, మొహాలు ఒకరికొకరికి తెలియవు. సొంత నొప్పికంటే ఎదుటివాడి నొప్పి తప్పించడానికి మనుషులు సుమారు రెండింతల డబ్బు వదులుకున్నారు. ఎదుటివాడి గురించి నిర్ణయించాల్సి వచ్చినప్పుడు ఎక్కువసేపు ఆలోచించారు కూడా. పరాయివాడి ఉసురు అంటే మనిషికి ఇంకా భయం ఉందన్నమాట.

2019లో వెలువడిన పర్సుల అధ్యయనం నాకు మరీ ఇష్టం. 40 దేశాల్లోని 355 నగరాల్లో, బ్యాంకులు, హోటళ్ళ లాంటి చోట్ల కౌంటర్లలో 17 వేలకు పైగా పర్సులు ఇచ్చి "రోడ్డు మీద దొరికింది, కాస్త చూడండి" అని వెళ్ళిపోయారు. డబ్బు లేని పర్సుల్లో యజమానికి కబురు వెళ్ళినవి 40 శాతం. దాదాపు 13 డాలర్ల విలువైన డబ్బున్నవాటిలో 51 శాతం. మూడు దేశాల్లో సొమ్మును 94 డాలర్లకు పెంచి చూస్తే అది 72 శాతానికి చేరింది. ఆశ పెరిగేకొద్దీ నిజాయితీ కూడా పెరిగింది! ముందే అంచనా వేయమంటే మామూలు జనం దీనికి తలకిందులుగా చెప్పారు. ఆర్థికవేత్తలు కూడా ఈ పెరుగుదలను పసిగట్టలేదు. ఇంకో చిన్న సంగతి: పర్సులో ఒక తాళంచెవి ఉంటే తిరిగి ఇచ్చేవాళ్ళు ఇంకా పెరిగారు. దొరికినవాడికి ఆ తాళంచెవితో పనిలేదు, పోగొట్టుకున్నవాడికే దాని విలువ.

అపోహ: నేనైతే చచ్చినా చెయ్యను

ఇక్కడ మాత్రం చేదు మాట చెప్పక తప్పదు. 2012లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఇదే తరహా బేరాన్ని రెండు రకాలుగా పెట్టారు: ఊరికే ఊహించుకోమని ఒకసారి, నిజం డబ్బుతో ఒకసారి. ఊహలో డబ్బు వదిలేస్తామన్నవాళ్ళు, నిజంగా బేరం ముందుకొచ్చేసరికి ఎదుటివాడికి షాక్ తగులుతోందని నమ్ముతూనే చాలా ఎక్కువ డబ్బు ఉంచుకున్నారు.

మరి పైన చెప్పిన లండన్ ప్రయోగం అబద్ధమా? కాదు. రెండూ నిజమే. పరాయివాడి నొప్పికి మనం ఎక్కువ ధర కడతాం, కానీ ధర కట్టడం ఆపెయ్యం. అందుకే క్లాసులో "ఛీ" అన్నవాళ్ళ మాటకు నేను పెద్దగా మార్కులు వెయ్యను, "ఎంతిస్తారు" అన్నవాళ్ళను చెడ్డవాళ్ళ కింద జమకట్టను.

అపోహ: మిల్‌గ్రామ్ ప్రయోగంలో జనం డబ్బు కోసం షాకులిచ్చారు

పరీక్షల్లో కూడా ఇలా రాస్తుంటారు. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ఆ ప్రయోగాల్లో, పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా షాకు పెంచుతూ పొమ్మని పాల్గొన్నవారికి చెప్పేవారు. వాళ్ళకు ఇచ్చింది 4 డాలర్లు, దారి ఖర్చుకి 50 సెంట్లు. అది కూడా వచ్చినందుకే, ఏం చేసినా ఆ డబ్బు మీదేనని ముందే చెప్పారు. అయినా మొదటి నివేదికలో 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా వెళ్ళారు. (షాకులు ఉత్తుత్తివే. అవతలివాడు నటుడు. కొందరికి అప్పుడే అనుమానం వచ్చిందన్న విమర్శ కూడా ఉంది.)

అసలు పాఠం మార్పులు చేసిన ప్రయోగాల్లో ఉంది. బాధపడే మనిషిని అదే గదిలో కూర్చోబెడితే చివరిదాకా వెళ్ళినవాళ్ళు 40 శాతానికి తగ్గారు. అతని చెయ్యి పట్టుకుని షాకు తగిలే పలక మీద పెట్టాల్సి వస్తే 30 శాతం. పక్కన ఇద్దరు "మావల్ల కాదు" అని లేస్తే 40 మందిలో నలుగురే మిగిలారు. మీట నొక్కే పని వేరేవాడిది, తనది పక్కన ఇంకేదో చిన్న పని అయినప్పుడు మాత్రం 40 మందిలో 37 మంది చివరిదాకా కూర్చున్నారు. ఇచ్చే డబ్బులో తేడా లేదు. మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, పని ఎన్ని చేతుల మీదుగా జరుగుతోంది అన్నవే తేడాలు.

"నేను కాకపోతే ఇంకొకడు"

దీన్ని అపోహ అనాలో సాకు అనాలో నాకు తేలదు. 2013లో వెలువడిన అధ్యయనంలో జర్మనీ ఆర్థికవేత్తలు ఆర్మిన్ ఫాల్క్, నోరా సెక్ దీన్ని ఎలుకలతో చూశారు. ఎలుక బతకాలా, 10 యూరోలు కావాలా? ఒంటరిగా నిర్ణయించినవాళ్ళలో 46 శాతం డబ్బు తీసుకున్నారు. అదే ఎలుకను బేరం పెట్టి, కొనేవాణ్ణి ఎదురుగా కూర్చోబెడితే 10 యూరోలకో అంతకన్నా తక్కువకో ఒప్పుకున్న అమ్మకందారులు 72 శాతం. (అవి ల్యాబుల్లో మిగిలిపోయి, ఎలాగూ చంపేయబోయే ఎలుకలు. జనం బతకనిచ్చినవాటిని పరిశోధకులు సాకారు.) బేరంలో ఇద్దరుంటారు కాబట్టి పాపం సగమే అనిపిస్తుంది. పైగా ఎదుటివాడు కూడా చేస్తున్నాడు కదా అన్న ధైర్యం.

నిజ జీవితంలో బటన్ బటన్‌లా రాదు. ఫైలు మీద సంతకంలా వస్తుంది, "కొద్దిగా అడ్జస్ట్ చెయ్యండి" అన్న మాటలా వస్తుంది. డబ్బు పేరు కూడా మారుతుంది: కమిషన్, బోనస్, మామూలు.

అపోహ: జరిమానా వేస్తే తప్పు తగ్గుతుంది

జరిమానా తప్పును తగ్గిస్తుందని అందరం అనుకుంటాం. ఇజ్రాయెల్‌లోని హైఫాలో 10 పిల్లల సంరక్షణ కేంద్రాలను గమనించారు. వాటిలో ఆరింట్లో, 10 నిమిషాలు దాటి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు 10 షెకెళ్ళ జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. టీచర్‌ను కూర్చోబెట్టేశామే అన్న మొహమాటం పోయి, "డబ్బులు కడుతున్నాంగా" అన్న ధీమా వచ్చింది. కొన్ని వారాల తర్వాత జరిమానా ఎత్తేశారు. ఆలస్యాలు మాత్రం తగ్గలేదు.