పిల్లల్ని చూపిస్తే విరాళం వస్తుందా? పర్యాటక కంపెనీల సాయంపై అపోహలు - వాస్తవాలు

టూర్ కంపెనీలో మా విభాగం చేసే పని ఒకటే. కంపెనీ తరఫున ఏ సేవాసంస్థకు సాయం చేయవచ్చో పరిశీలించి చెప్పడం. మాకు వచ్చే ఉత్తరాల్లో ఒక మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: "మీ టూరిస్టులను ఒక్కసారి మా అనాథ పిల్లల హోమ్‌కు తీసుకురండి. మా పిల్లలు డాన్స్ చేసి స్వాగతం చెబుతారు. చూశాక మీరే కాదనలేరు." రాసినవాళ్లు దాన్ని తమ బలం అనుకుంటారు. కానీ చాలాసార్లు ఆ దరఖాస్తు ఆగిపోయేది సరిగ్గా ఆ మాట దగ్గరే.

టూరిస్టుల్లోనూ ఇలాంటి నమ్మకమే ఉంది. "కంపెనీ వాళ్లే తీసుకెళ్లారంటే అన్నీ చూసుకునే ఉంటారు, పైగా మేం కళ్లారా చూశాం" అంటారు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: టూరిస్టులు వెళ్లి చూడగలిగే సంస్థే నమ్మదగ్గది

కంబోడియాలో 2005 నుంచి 2010 మధ్య అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగి 269కి చేరింది. అప్పటికి అక్కడ యుద్ధం ముగిసి చాలా ఏళ్లయింది. ఆ అయిదేళ్లలో బాగా పెరిగింది టూరిస్టులు. ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో సుమారు ప్రతి నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. నేపాల్‌లో కూడా బాలల ఆశ్రమాల్లో అత్యధిక భాగం కాఠ్మాండూ, లలిత్‌పూర్, భక్తపూర్, కాస్కీ, చిత్వన్ లాంటి కొద్ది జిల్లాల్లోనే ఉన్నాయి. టూరిస్టులు ఎక్కువగా తిరిగేదీ అక్కడే. మారుమూల కొండ ఊళ్ల నుంచి "మీ పిల్లవాడిని పట్నంలో చదివిస్తాం" అని తల్లిదండ్రులకు చెప్పి, వాళ్ల దగ్గరే డబ్బు తీసుకుని పిల్లల్ని తెచ్చి అప్పగించే దళారులు ఉన్నారు.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. టూరిస్టు వస్తాడు, పిల్లల్ని చూసి కరిగిపోతాడు, డబ్బిస్తాడు. దాంతో ఆశ్రమానికి పిల్లలే ఆదాయ మార్గం అవుతారు. పిల్లవాడు ఇంటికి తిరిగి వెళ్తే ఆదాయం తగ్గుతుంది. గోడలకు రంగులు వేసి, మంచి మంచాలు వేస్తే వచ్చినవాళ్లకు జాలి కలగదు. నడిపేవాళ్లు మంచివాళ్లే అయినా ఈ లెక్క వాళ్లను మెల్లగా తన వైపు లాగుతుంది. పిల్లల వైపు నుంచి చూస్తే ఇంకా బాధగా ఉంటుంది. ఎవరో వచ్చి ఎత్తుకుని, ముద్దు చేసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మర్నాడు ఇంకొకరు. ఆ వచ్చేవాళ్లు ఎవరో, ఎలాంటివాళ్లో ఎవరూ ఆరా తీయరు.

ఇదంతా ఏవో గాలి కబుర్లు అనుకునేవాళ్ల కోసం రెండు విషయాలు. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చినప్పుడు, అనాథాశ్రమాలు నింపడానికి పిల్లల్ని తరలించడాన్ని కూడా ఆ బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కులపై చేసిన తీర్మానం, అనాథాశ్రమ పర్యాటకం వల్ల పిల్లలకు జరిగే హానిని ప్రస్తావించింది.

అందుకే ఈ విషయం తెలిసిన టూర్ కంపెనీ ఏదైనా ఆశ్రమం చూడబోయే ముందు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. గత ఏడాది ఎంతమంది పిల్లలు తిరిగి ఇంటికి వెళ్లారు? ఎంతమందికి బంధువులున్నారో ఆరా తీశారా? పిల్లల రక్షణకు రాతపూర్వక నియమాలు ఉన్నాయా? బయటివాళ్లు పిల్లలతో ఒంటరిగా ఉండే వీలు ఉందా? "మా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి" అనేది ఈ చివరి ప్రశ్నకు వినకూడని జవాబు.

ఒక ఆశ్రమం నడిపే పెద్దావిడ నాకు బాగా గుర్తున్నారు. మేం వెళ్లేసరికి బడి ఉన్న రోజున పిల్లలందరూ కొత్త బట్టల్లో వరండాలో కూర్చుని ఉన్నారు. "మీరొస్తున్నారని ఇవాళ బడికి పంపలేదండీ" అన్నారు ఆవిడ సంతోషంగా. డాన్స్ వద్దని చెప్పి, పిల్లల్ని బడికి పంపించి, రిజిస్టర్ చూపించమని అడిగాను. చాలా పేర్ల పక్కన తండ్రిదో మేనమామదో ఫోన్ నంబరు ఉంది. ఏమీ దాచలేదు ఆవిడ. "ఫీజు కట్టలేక వదిలివెళ్లారు, నేను మాత్రం ఏం చేయను?" అన్నారు. ఆ ఫీజు, పుస్తకాలు, బస్సు చార్జీలు ఇంటి దగ్గరే ఇస్తే పిల్లలు అమ్మానాన్నల దగ్గరే ఉంటారు కదా అన్నాను. ఆవిడ చాలా నొచ్చుకున్నారు. ఇన్నేళ్ల తన కష్టాన్ని తీసిపారేసినట్టు అనిపించి ఉంటుంది, అందులో ఆవిడ తప్పేమీ లేదు. కొన్ని నెలల తర్వాత మళ్లీ దరఖాస్తు పంపారు. ఈసారి అడిగింది పిల్లల ఇళ్లకు వెళ్లి మాట్లాడే ఒక సోషల్ వర్కర్ జీతం, ఇంటికి చేరిన పిల్లల బడి ఖర్చు. దానికి కంపెనీ ఒప్పుకుంది. టూరిస్టులు మాత్రం అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు.

ఇది చదివి కంగారు పడేవాళ్లకు ఒక మాట. "మేం వెళ్లొచ్చాం, డబ్బిచ్చాం, ఫొటోలు పెట్టాం, తప్పు చేశామా?" అని అడిగేవాళ్లు చాలామంది. మీరు ప్రేమతోనే వెళ్లారు, టెన్షన్ పడకండి. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు తీసేయండి. నెలనెలా డబ్బు పంపుతుంటే ఒక్కసారిగా ఆపకండి, అక్కడ ఉన్న పిల్లలకు రేపటి భోజనం కావాలి. పిల్లల్ని ఇళ్లకు చేర్చే పని ఏమైనా చేస్తున్నారా అని రాసి అడగండి. జవాబును బట్టి మెల్లగా మీ సాయాన్ని కుటుంబాలను నిలబెట్టే సంస్థల వైపు మార్చుకోండి.

జంతువుల విషయంలోనూ ఇదే కథ. దక్షిణాఫ్రికాలో సింహం పిల్లలకు సీసాతో పాలు పట్టించే "సంరక్షణ కేంద్రాలకు" స్వచ్ఛంద సేవ పేరుతో డబ్బు కట్టి మరీ వెళ్లారు జనం. తల్లి నుంచి అంత త్వరగా వేరుచేసి, మనుషుల చేతుల్లో పెంచిన ఆ పిల్లలు మళ్లీ అడవికి వెళ్లలేవు. బోనుల్లో సింహాలను పెంచే ఈ వ్యాపారానికి స్వస్తి చెబుతామని అక్కడి ప్రభుత్వం 2021లో ప్రకటించింది. మా పరీక్ష చిన్నది: ముట్టుకోనిస్తారా? అక్కడే పిల్లల్ని పుట్టిస్తున్నారా? రెంటిలో దేనికి అవునన్నా మేం ముందుకెళ్లం.

మరి టూరిస్టులు ఎక్కడికీ వెళ్లకూడదా? వెళ్లవచ్చు, కస్టమర్లుగా. వియత్నాం రాజధాని హనోయిలో 1999లో మొదలైన కోటో రెస్టారెంటులో వెనుకబడిన కుటుంబాల యువతకు వంట, హోటల్ పని నేర్పుతారు. వెళ్లినవాళ్లు భోజనం చేస్తారు, బిల్లు కడతారు, వచ్చేస్తారు. నేర్చుకునేవాళ్లు అక్కడ పనివాళ్లుగా కనిపిస్తారు, ఎవరి జాలి కోసమూ నిలబడరు. టూర్ కంపెనీ ఇలాంటి చోటును తన ప్రయాణంలో కలిపితే, ఏటా చెక్కు రాయడం కంటే ఎక్కువ మేలు జరుగుతుంది. నిలకడగా గిరాకీ ఉంటుంది కాబట్టి.

అపోహ: ఎవరి అవసరం ఎక్కువైతే వాళ్లకే ఇస్తారు

అలా అయితే బాగుండేది, కానీ ఎంపిక అలా మొదలవదు. ముందు చూసేది మా టూర్లు ఎక్కడెక్కడ తిరుగుతాయన్నది. కారణం స్వార్థం ఒక్కటే అనుకోవద్దు. మా గైడ్లు ఏడాది పొడవునా ఆ దారిలో తిరుగుతారు కాబట్టి పని జరుగుతోందో లేదో తెలుస్తుంది. రెండోది, పర్యాటకం ఎక్కడ నీళ్లు తాగుతుందో, చెత్త వదులుతుందో, ఎవరి వీపు మీద సామాను మోయిస్తుందో అక్కడ దానికి బాధ్యత ఉంటుంది. కొండల్లో బరువులు మోసే పోర్టర్లు సరైన బట్టలు, వైద్యం లేక చనిపోతున్నారనే 1997లో అంతర్జాతీయ పోర్టర్ల రక్షణ సంస్థ పుట్టింది. ట్రెక్కింగ్ నడిపే కంపెనీ అలాంటి పనికి సాయం చేయడం దాని బాధ్యతే. గలాపగోస్ దీవులకు ఓడలు నడిపే లిండ్‌బ్లాడ్ సంస్థ 1997 నుంచే తన ప్రయాణికుల విరాళాలను ఆ దీవుల సంరక్షణకు మళ్లిస్తోంది.

కాబట్టి మీకు "ఈసారి వీలుపడదు" అని జవాబు వస్తే, మీ పని బాగాలేదని అర్థం కాదు. మీ ఊరు వాళ్ల దారిలో లేదు, అంతే. ఆ ఒక్క ఉత్తరం చూసి కుంగిపోయి సంస్థను మూసేద్దామా అనుకున్నవాళ్లతో నేను మాట్లాడాను. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

అపోహ: పెద్ద పేరు ఉంటేనే ఇస్తారు

విమాన సంస్థలకు పెద్ద పేరు పనికొస్తుంది. ప్రయాణికుల జేబుల్లో మిగిలిన విదేశీ చిల్లరను యూనిసెఫ్ కోసం పోగుచేసే 'చేంజ్ ఫర్ గుడ్' 1987 నుంచి నడుస్తోంది. అన్ని దేశాల నాణేలు లెక్కపెట్టి మార్చడం చిన్న సంస్థకు సాధ్యం కాదు. టూర్ ఆపరేటర్లు మాత్రం చాలాసార్లు చిన్న సంస్థలనే ఇష్టపడతారు. చూసేవి రిజిస్ట్రేషన్, కొన్నేళ్ల ఆడిట్ లెక్కలు, సంస్థ పేరు మీదే బ్యాంకు ఖాతా, ట్రస్టీలందరూ ఒకే కుటుంబం వాళ్లు కాకపోవడం. ఇంకొకటి కూడా చూస్తాం: మా డబ్బు మీ మొత్తం ఆదాయంలో ఎంత భాగం? సగానికి మించితే భయపడేది మేమే. 2020లో ప్రపంచమంతటా అంతర్జాతీయ ప్రయాణాలు 70 శాతానికి పైగా పడిపోయాయి. టూరిస్టుల డబ్బు మీదే నడిచిన సంస్థలకు ఒక్కసారిగా ఆధారం పోయింది.

మిగతావి త్వరగా

"ఆఫీసు ఖర్చులు సున్నా అని చూపిస్తే మెచ్చుకుంటారు." మెచ్చుకోరు. లెక్కలు రాసే మనిషికి జీతం ఇవ్వని సంస్థ లెక్కలను ఎలా నమ్మాలి?

"విపత్తు రాగానే సామాన్లు పంపాలి." 2004 సునామీ తర్వాత తీర ప్రాంతాల్లో పాత బట్టలు గుట్టలుగా రోడ్ల పక్కన పడి ఉండటం చాలామంది చూశారు. ఆ సమయంలో 'డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్' అనే అంతర్జాతీయ వైద్య సేవాసంస్థ సునామీ కోసం ఇక డబ్బు కూడా పంపవద్దని, తమకు చాలినంత వచ్చిందని దాతలకు చెప్పింది. అలా చెప్పే సంస్థను నేను మరింత నమ్ముతాను.

"ఓనరుకు తెలిసినవాళ్లకే ఇస్తారు." చిన్న కంపెనీల్లో జరుగుతుంది, లేదనను. విడిగా ఫౌండేషన్ ఉన్నచోట ట్రస్టీల ముందు సంబంధాలు బయటపెట్టాల్సి ఉంటుంది.

"కంపెనీ ఇచ్చామని చెప్పేదంతా కంపెనీ డబ్బే." కొన్నిసార్లు అందులో ప్రయాణికులు ఇచ్చినదే ఎక్కువ. టికెట్ కొనేటప్పుడు అడగండి: నేనిచ్చే దానికి మీరు ఎంత కలుపుతున్నారు? ఏ సంస్థకు వెళ్తోంది? నిజాయతీగా నడిపేవాళ్లు వెంటనే చెబుతారు.

దరఖాస్తు రాసేవాళ్లకు చివరిగా. మొదటి పేజీలో పిల్లల ఫొటో పెట్టకండి. ఏం పని చేస్తున్నారు, ఎంత ఖర్చు, మిగతా డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, మా సాయం ఆగిపోతే ఏం చేస్తారు అన్నవి రాయండి. మొదటిసారే పెద్ద మొత్తం అడగకుండా ఏడాదిలో పూర్తయ్యే చిన్న పనికి అడగండి. కంపెనీ ఆర్థిక సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని, దానికి మూడు నాలుగు నెలల ముందే పంపండి. బడ్జెట్ ఖరారైపోయాక ఎంత మంచి దరఖాస్తు వచ్చినా మా చేతుల్లో ఏమీ ఉండదు.