బ్రాండెడ్ కంప్యూటర్, కస్టమర్ కేర్: అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లుగా కంప్యూటర్ సర్వీస్ పనిలో ఉన్నాను. మొదటి ఐదేళ్లు ఒక కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో చేశాను. ఆ తర్వాత హనుమకొండలో సొంత షాపు పెట్టుకున్నాను. కంపెనీ వాళ్లు ఏం చూస్తారో, కస్టమర్ ఎక్కడ నష్టపోతాడో రెండూ దగ్గర నుంచి చూశాను.

అపోహ: వారంటీలో ఉంది కాబట్టి లోపలున్న డేటా బాధ్యత కూడా కంపెనీదే.

కాదు. వారంటీ మిషన్‌కే గానీ మీ ఫైళ్లకు కాదు. హార్డ్ డిస్క్ చెడిపోతే కొత్తది వేస్తారు, పాతది సాధారణంగా వెనక్కి తీసుకెళ్తారు. పాతది మన దగ్గరే ఉంచుకోవాలంటే కొన్ని కంపెనీలు విడిగా డబ్బు కట్టించుకుంటాయి.

డిస్క్ బాగానే ఉన్నా ఫైళ్లు అందకుండా పోవచ్చు. రెండేళ్ల కిందట ఒక టీచరమ్మ కంప్యూటర్ తీసుకొచ్చారు. వారంటీలోనే మదర్‌బోర్డు మార్చి ఇచ్చారట. ఇంటికెళ్లి ఆన్ చేస్తే నీలం తెర మీద రికవరీ కీ అడిగింది. విండోస్ 11తో వచ్చే చాలా మిషన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డ్రైవ్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేని రూపంలోకి మారుతుంది. దాన్ని తెరిచే తాళం మదర్‌బోర్డు మీదున్న సెక్యూరిటీ చిప్‌తో ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే 48 అంకెల కీ కొట్టాల్సిందే. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కానీ కొన్న రోజు షాపు కుర్రాడు ఏదో ఒక మెయిల్‌తో అకౌంట్ తెరిచి ఇచ్చేశాడు. ఆ మెయిల్ ఏదో ఆమెకు తెలియదు, అతనికీ గుర్తు లేదు. అమ్మాయి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. నేనేమీ చేయలేకపోయాను. ఆ రోజు ఆమె ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతాను. కొత్త మిషన్‌లో అకౌంట్ మీ సొంత మెయిల్‌తోనే తెరవండి. రికవరీ కీ కాగితం మీద రాసి బిల్లుతో పాటు బీరువాలో పెట్టండి. ముఖ్యమైన ఫైళ్లు బయట ఇంకో డిస్క్‌లో ఉంచండి. సర్వీస్‌కి ఇచ్చే ముందు మిషన్ ఆన్ అవుతుంటే బ్యాకప్ తీయండి.

అపోహ: గూగుల్‌లో వెతికితే పైన కనిపించేదే కస్టమర్ కేర్ నంబర్.

దొంగ నంబర్లు అక్కడే ఉంటాయి. కంప్యూటర్ ఆగిపోయిన టెన్షన్‌లో మనం పైనున్న నంబర్‌కే కొట్టేస్తాం. అవతలివాడు చాలా మర్యాదగా మాట్లాడి, రిజిస్ట్రేషన్‌కి పది రూపాయలు చాలంటూ ఒక లింక్ పంపుతాడు, లేదా ఫోన్‌లో ఎనీడెస్క్ (మన తెరను అవతలివాడు చూసే యాప్) వేసుకోమంటాడు. ఆ పది రూపాయలతోనే ఖాతా ఖాళీ అవుతుంది. నంబర్ వారంటీ పుస్తకంలో చూడండి, లేదా కంపెనీ వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి తీసుకోండి. ఓటీపీ, యూపీఐ పిన్ అడిగారంటే అది కస్టమర్ కేర్ కాదు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

అపోహ: ఆన్‌సైట్ వారంటీ అంటే ఏ సమస్యకైనా ఇంటికొచ్చి ఉచితంగా చేస్తారు.

ముందు ఫోన్‌లో పరీక్ష చేయిస్తారు. హార్డ్‌వేర్ లోపమని తేలాకే ఇంజనీర్ వస్తాడు. వైరస్, నీళ్లు పడటం, కింద పడటం మామూలు వారంటీలోకి రావు. ల్యాప్‌టాప్‌కి మూడేళ్ల వారంటీ తీసుకున్నా బ్యాటరీకి చాలాసార్లు ఏడాదే ఉంటుంది.

అపోహ: ఫోన్‌లో అడిగే ప్రశ్నలన్నీ కాలయాపనకే.

కొంత విసుగు నిజమే. కానీ ఆ పరీక్ష మీరే ముందు చేసి పెట్టుకోవచ్చు. చాలా మోడళ్లలో డెల్ మిషన్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి వచ్చే మెనూలో డయాగ్నస్టిక్స్ (హార్డ్‌వేర్ పరీక్ష) ఎంచుకోవాలి, హెచ్‌పీ అయితే ఎఫ్2 నొక్కితే అది వస్తుంది. లోపం దొరికితే ఒక కోడ్ చూపిస్తుంది. దాన్ని ఫోటో తీసుకుని, సీరియల్ నంబర్ పక్కన పెట్టుకుని ఫోన్ చేయండి. కోడ్ చెప్పాక మాట చాలా తొందరగా ముందుకెళ్తుంది. సర్వీస్ సెంటర్‌లో నేనున్నప్పుడు కోడ్‌తో వచ్చిన కాల్‌కి ఆ రోజే పార్ట్ ఆర్డర్ పెట్టేవాళ్లం.

అపోహ: వెబ్‌సైట్‌లో వారంటీ అయిపోయిందని చూపిస్తే ఇక అంతే.

మిషన్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన తేదీతో లెక్క మొదలైతే ఇలా అవుతుంది. షాపులో నెలల తరబడి ఉన్న సరుకైతే ఆ తేడా పెద్దదే. జీఎస్టీ బిల్లు పంపి తేదీ సరిచేయమని అడగండి. ఈ పని కొన్న వారంలోనే చేసుకోవడం మేలు.

అపోహ: పాత డెస్క్‌టాప్‌కి మార్కెట్‌లో దొరికే ఏ ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే డబ్బా) అయినా సరిపోతుంది.

బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో చాలావాటికి కనెక్టర్ వేరు, డబ్బా సైజు వేరు. మోడల్ నంబర్ చూపించకుండా కొనకండి.

అపోహ: పెద్ద కంపెనీ మీద మనం ఏమీ చేయలేం.

చేయగలం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు కంపెనీకి చేరుతుంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. అక్కడ కాగితమే మాట్లాడుతుంది కాబట్టి మిషన్ ఇచ్చిన ప్రతిసారీ జాబ్ షీట్ (మిషన్ తీసుకున్నట్టు సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితం) అడిగి తీసుకోండి. సమస్య ఏమిటో, మిషన్ మీద గీతలు, సొట్టలు ఏమున్నాయో అందులో రాయించి, తేదీ చూసుకున్నాకే సంతకం పెట్టండి.