గోరు పెట్టకముందు సరిగా చూడండి

ముందు చర్మం వెనక్కి తీస్తే శిశ్నం గుబ్బ అంచు చుట్టూ, దండ గుచ్చినట్టు ఒకటి రెండు వరుసల్లో చిన్న బుడిపెలు. ఒక్కోటి 1 నుంచి 2 మిల్లీమీటర్లు, అన్నీ ఒకే సైజు. నొప్పి లేదు, దురద లేదు. చర్మవైద్యులు వీటిని పెర్లీ పెనైల్ పాప్యూల్స్ అంటారు. ఇవి రోగం కాదు, ఒంటి తీరు. యుక్తవయసులో లేచి, వయసు ముదిరేకొద్దీ మెల్లగా తగ్గుతాయి. ఎవరికీ అంటవు. కడుక్కోనందుకో, ‘వేడి చేసినందుకో’ రావు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లకూ వీటికీ సంబంధం లేదు. ఫ్లోరైడ్ దెబ్బ కొట్టేది ఎముకలనూ పళ్లనూ.

చర్మాన్ని సాగదీస్తేనే కనబడే లేత పసుపు చుక్కలు ఇంకో రకం. వెంట్రుక లేని నూనె గ్రంథులవి, పేరు ఫోర్డైస్ చుక్కలు. అద్దంలో పై పెదవి చూసుకోండి, చాలామందికి అక్కడా ఉంటాయి.

స్నానం చేశాక పగటి వెలుతురులో చూడాలి. వరుస తప్పి, తలో సైజులో, గోబీపువ్వులా గరుకుగా, నెలల్లో పెరుగుతుంటే పులిపిర్లని అనుమానించాలి. ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్ 6, 11 రకాల వల్ల వస్తాయి. కలయిక జరిగిన కొన్ని వారాలకో, నెలలకో బయటపడతాయి. నున్నగా ఉండి నడుమ చిన్న గుంట ఉంటే మొలస్కం, అదీ వైరస్ వల్ల వచ్చే పొక్కే. దాని మీద బ్లేడు ఆడిస్తే పక్కకు పాకుతుంది.

పొక్కులకు దురద కూడా ఉంటే, హాస్టల్లో ఉన్నా, పనికిపోయిన చోట పది మందితో పడక పంచుకున్నా మొదట గజ్జినే తలచుకోవాలి. రాత్రిపూట దురద, వేళ్ల సందుల్లో పొక్కులు దాని గుర్తులు. పర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ పెద్దవాళ్లకు ఒకసారికి సుమారు 30 గ్రాములు పడుతుంది. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కిందా, మర్మాంగాల మీదా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడిగేయాలి. వారానికి మళ్లీ రాయాలి. దురద ఉన్నచోటే రాసుకోవడం, గదిలో మిగతావాళ్లు రాసుకోకపోవడం వల్లే అది తిరిగొస్తుంది. గజ్జి పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు; దానికి రోజూ క్రీమ్ పూయక్కర్లేదు.

అసలు నష్టం చేసేది చేతివైద్యం. సున్నం, సోడా కలిపి పెడితే కాలుతుంది. కాలి ఆనెలకు వాడే మందు అక్కడి పలుచటి చర్మాన్ని పుండు చేస్తుంది. మెడికల్ షాపువాళ్లు ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ మూడు రోజులు హాయినిస్తుంది. తామర ఉంటే దాన్ని లోపల్లోపల పెంచి, గుర్తులు మార్చేస్తుంది. తర్వాత డాక్టరుకే పోల్చుకోవడం కష్టం.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. కలయిక తర్వాత 10 నుంచి 90 రోజుల్లోపు నొప్పి లేని గట్టి పుండు లేస్తే సిఫిలిస్ అనే సుఖవ్యాధి కావచ్చు. మందు వాడకున్నా అది 3 నుంచి 6 వారాల్లో మానిపోతుంది, రోగం మాత్రం ఒంట్లోనే ఉంటుంది. తొలిదశలో పట్టుకుంటే పెన్సిలిన్ సూదితో నయమవుతుంది. నీటిపొక్కులు, మంట, చీము కనబడ్డా వెంటనే వెళ్లాలి.

సర్కారు దవాఖానల్లోని సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధులకు పరీక్ష, మందులు ఉచితం. హెచ్ఐవీ గురించి అడగాలంటే 1097 నంబరు ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రుల్లో ఓపీ చీటీ రాయించేటప్పుడు ‘చర్మ విభాగం’ అంటే చాలు, కిటికీ దగ్గర ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఆ రోజు మాత్రం ఏమీ పూసుకోకుండా వెళ్లండి.