కాడి పడేశారన్న నింద: 2017 ఫిబ్రవరి నుంచి వెంటాడుతున్న కథ

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌లో అట్టడుగు మూడు స్థానాల లెక్క బిగుసుకునే కొద్దీ ఒక ఆరోపణ తప్పకుండా లేస్తుంది. ఆటగాళ్లు మేనేజర్ (జట్టును నడిపే ప్రధాన శిక్షకుడు) కోసం ఆడటం లేదని, కావాలనే కాడి పడేశారని, ఆయన్ను పొగబెట్టి సాగనంపాలని చూస్తున్నారని. ఓడిన జట్టు మైదానం వదలక ముందే టీవీ స్టూడియోలో ఎవరో ఒకరు ఆ మాట అనేస్తారు. స్టాండ్స్‌లో కూర్చున్న అభిమాని దాన్ని నమ్ముతాడు. బోర్డు గదిలో కూర్చున్నవాళ్లకైతే అంతకంటే అనుకూలమైన మాట ఇంకొకటి ఉండదు.

సీజన్ చివర మూడు జట్లు కింది డివిజన్‌కు దిగడం, అక్కడి నుంచి మూడు పైకి రావడం అందరికీ తెలిసిందే. ఓడుతున్న జట్టు మేనేజర్‌ను మార్చడం కూడా కొత్త కాదు. కానీ ఆ మార్పుకు ఆటగాళ్ల వెన్నుపోటు అన్న అర్థం ఇంత బలంగా అతుక్కుపోవడానికి కారణం ఒకే ఒక్క వారం. 2017 ఫిబ్రవరి 22 నుంచి 27 వరకు లీసెస్టర్ సిటీలో జరిగింది అర్థం చేసుకుంటే ఇప్పటి వాదనలో సగం చిక్కుముడి విడిపోతుంది.

ఫిబ్రవరి 22 రాత్రి లీసెస్టర్ చాంపియన్స్ లీగ్‌లో స్పెయిన్ జట్టు సెవియా చేతిలో 2-1తో ఓడింది. అది చెడ్డ ఫలితమేమీ కాదు. స్ట్రైకర్ జేమీ వార్డీ కొట్టిన గోల్‌తో, సొంతగడ్డ మీద ఆడాల్సిన రెండో అంచె మ్యాచ్ మీద ఆశ మిగిలింది. మర్నాడే మేనేజర్ క్లాడియో రానియెరీపై వేటు పడింది. గెలిస్తే పౌండ్‌కు 5000 పౌండ్లు ఇస్తామని పందెం కంపెనీలు ధర పెట్టిన జట్టుకు తొమ్మిది నెలల కింద లీగ్ టైటిల్ తెచ్చిపెట్టిన మనిషి ఆయన. ఆయనకు పూర్తి మద్దతు ఉందని అదే నెల 7న క్లబ్ ప్రకటన కూడా ఇచ్చింది.

వేటు పడేనాటికి లీసెస్టర్ 20 జట్లలో 17వ స్థానంలో, కిందికి దిగే మూడు స్థానాలకు ఒక్క పాయింట్ దూరంలో ఉంది. 2017లో ఆడిన ఆరు లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కొట్టలేదు. చివరి ఐదూ ఓడింది. సెవియా మ్యాచ్ తర్వాత సీనియర్ ఆటగాళ్లు యజమానులను కలిసి ఫిర్యాదు చేశారన్న కథనాలు గుప్పుమన్నాయి. ఫిబ్రవరి 27న, రానియెరీకి సహాయకుడిగా ఉన్న క్రెయిగ్ షేక్‌స్పియర్ ఆధ్వర్యంలో, అదే జట్టు లివర్‌పూల్‌ను 3-1తో చిత్తు చేసింది. వార్డీ రెండు గోల్స్, డానీ డ్రింక్‌వాటర్ దూరం నుంచి బంతి నేల తాకకుండానే బాదిన ఒకటి. అన్ని వారాలుగా ఎక్కడికి పోయాయో తెలియని పరుగు, దూకుడు, కసి తొలి నిమిషం నుంచే కనిపించాయి. ఆ మ్యాచ్ చూసినవాళ్లలో చాలామంది అప్పటికప్పుడే తీర్పు రాసేసుకున్నారు: ఐదు రోజుల్లో ఇంత బాగా ఆడగలిగినవాళ్లు అంతకుముందు కావాలనే ఆడలేదన్నమాట.

ఆ తీర్పుకు మూల్యం చెల్లించింది ఎక్కువగా వార్డీయే. తననూ తన కుటుంబాన్నీ చంపుతామని బెదిరింపులు వచ్చాయని, పిల్లలతో కారులో వెళ్తున్న తన భార్యకు కొందరు రోడ్డు మీద అడ్డంగా వచ్చారని కొన్ని వారాల తర్వాత ఆయనే చెప్పాడు. మేనేజర్‌ను తప్పించడంలో తన పాత్ర లేదని ఎంత చెప్పినా విన్నవాళ్లు తక్కువ. దీనికంటే ముఖ్యమైన సాక్ష్యం రానియెరీది. ఏప్రిల్‌లో టీవీ కార్యక్రమానికి వచ్చినప్పుడు, తన ఆటగాళ్లే తనను దెబ్బతీశారంటే నమ్మలేనని ఆయన స్పష్టంగా అన్నారు. తెర వెనక ఇంకెవరైనా ఉండొచ్చన్న సందేహమైతే దాచుకోలేదు. నష్టపోయిన మనిషే నిందించని ఆటగాళ్లను బయటివాళ్లు నేటికీ నిందిస్తూనే ఉన్నారు.

ఇంతకీ ఆ ఐదు రోజుల్లో మారిందేమిటి? లివర్‌పూల్‌తో దిగిన పదకొండు మంది పేర్లు చూడండి. ష్మైకెల్, సింప్సన్, మోర్గన్, హూత్, ఫుక్స్, మహ్రెజ్, డ్రింక్‌వాటర్, ఎన్‌డిడి, ఆల్‌బ్రైటన్, ఒకజాకి, వార్డీ. టైటిల్ గెలిచిన జట్టే. ఒక్క ఎన్‌గోలో కాంటే స్థానంలో విల్‌ఫ్రెడ్ ఎన్‌డిడి. ఆట తీరు కూడా టైటిల్ ఏడాదిదే: నలుగురు, నలుగురు, ముందు ఇద్దరు. డిఫెన్స్ లోతుగా నిలబడటం, బంతి దొరకగానే వార్డీ పరుగు తీసే ఖాళీలోకి పంపడం.

రానియెరీ ఆ చలికాలంలో ఇందుకు భిన్నంగా వెళ్లారు. చెల్సీపై వెనక ముగ్గురితో ఆడించారు. సౌతాంప్టన్‌పై మధ్యలో నలుగురినీ వజ్రం ఆకారంలో నిలబెట్టారు. రెండు చోట్లా 3-0 ఓటమే. పదే పదే మార్పులు చేస్తారన్న పేరు ఆయనకు చెల్సీ మేనేజర్‌గా ఉన్న రోజుల నుంచే ఉంది. టైటిల్ ఏడాది ఆ అలవాటు పక్కన పెట్టారు కాబట్టే గెలిచారు. కాంటే చెల్సీకి వెళ్లిపోయాక ఆ పాత పద్ధతి నడవదని ఆయనకు అనిపించి ఉండాలి. అది తప్పుడు ఆలోచన కూడా కాదు. కాంటేను అమ్మింది రానియెరీ కాదు. ఆ వేసవిలో తెచ్చిన ఇస్లాం స్లిమానీ, అహ్మద్ మూసా ఇద్దరూ ఫార్వర్డ్‌లే. నడిమైదానంలో పడిన గుంత జనవరిలో ఎన్‌డిడి వచ్చేదాకా పూడలేదు. కాంటే ఆ సీజన్‌లో చెల్సీ తరఫున మళ్లీ లీగ్ గెలిచాడు.

ఇక్కడే ఆటగాళ్ల వైపు నుంచి చూడాలి. డిఫెండర్ ముందుకు దూకాలా, వెనక్కి తగ్గాలా అన్నది అర సెకనులో తేలిపోవాలి. తనతో పాటు పక్కవాడూ అదే చేస్తాడన్న నమ్మకం ఉంటేనే ఆ అర సెకను సరిపోతుంది. వారానికో పద్ధతి మారితే, ఓటములు పేరుకుపోతే, ఆ నమ్మకం ముందు పోతుంది. అప్పుడు ఒకడు దూకుతాడు, ఒకడు ఆగుతాడు, మధ్యలోంచి బంతి వెళ్లిపోతుంది. స్టాండ్స్‌లోంచి చూస్తే అది బద్ధకంలా, నిర్లక్ష్యంలా, చివరికి ద్రోహంలా కనిపిస్తుంది. షేక్‌స్పియర్ చేసిందల్లా ఏం చేయాలో అందరికీ ముందే తెలిసిన పద్ధతిని తిరిగి చేతికివ్వడం. సందేహం తొలగగానే కాళ్లు వాటంతటవే కదిలాయి. లీసెస్టర్ వరుసగా ఐదు లీగ్ మ్యాచ్‌లు గెలిచింది, సెవియాను 2-0తో ఇంటికి పంపింది, 12వ స్థానంలో సీజన్ ముగించింది. అంత చేసిన షేక్‌స్పియర్‌ను అదే ఏడాది అక్టోబర్‌లో తప్పించారు. అప్పుడు మాత్రం ఆటగాళ్లు వెన్నుపోటు పొడిచారన్న కథ పెద్దగా వినిపించలేదు.

ద్రోహం అన్న పదాన్ని ఈ చర్చలోకి తెచ్చింది మాత్రం రానియెరీ ఉదంతం కాదు, అంతకు పద్నాలుగు నెలల ముందరి, అప్పటి చెల్సీ మేనేజర్ జోసె మొరీనియో ఉదంతం. 2015 డిసెంబర్ 14న చెల్సీ ఓడింది కూడా లీసెస్టర్ చేతిలోనే, రానియెరీ జట్టు చేతిలోనే. వార్డీ, మహ్రెజ్ చెరో గోల్ కొట్టారు. తన శ్రమకు ద్రోహం జరిగిందని మ్యాచ్ తర్వాత మొరీనియో అన్నారు. ప్రత్యర్థి ఎలా ఆడతాడో తాను ముందే చెప్పినా ఆటగాళ్లు పాటించలేదన్నది ఆయన ఫిర్యాదు. మూడు రోజుల తర్వాత ఆయన్ను సాగనంపారు. అప్పటికి డిఫెండింగ్ చాంపియన్ చెల్సీ 16 మ్యాచ్‌ల్లో 9 ఓడి 16వ స్థానంలో ఉంది. మేనేజర్‌కూ ఆటగాళ్లకూ పొసగడం లేదని టెక్నికల్ డైరెక్టర్ మైకేల్ ఎమెనాలో బాహాటంగానే చెప్పారు. తర్వాతి మ్యాచ్‌లో సండర్‌లాండ్‌పై 3-1తో గెలిచిన తమ ఆటగాళ్లనే సొంత మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో అభిమానులు గేలి చేశారు. ఇక్కడ మనస్పర్థ ఉందన్నది నిజం. అయితే మనస్పర్థ పోయాక కూడా చెల్సీ చేరింది పదో స్థానానికే. మేనేజర్ ఒక్కడి మీద కోపమే కారణమైతే ఇంకా పైకి రావాల్సింది.

నిందించేవాళ్లకు అన్నిటికంటే గట్టి ఆధారం 2018 నాటి వెస్ట్ బ్రామ్. దాన్ని దాటేసి పోతే ఆటగాళ్ల పక్షం వహించినట్టే అవుతుంది. అలన్ పార్డ్యూ కింద 18 లీగ్ మ్యాచ్‌ల్లో ఆ జట్టు ఒక్కటే గెలిచింది. చివర్లో వరుసగా 8 ఓడింది. ఫిబ్రవరిలో శిక్షణ కోసం బార్సిలోనా వెళ్లినప్పుడు నలుగురు సీనియర్ ఆటగాళ్లు తెల్లవారుజామున బయట తిరిగి, ఓ టాక్సీని తీసుకుపోయిన వ్యవహారంలో ఇరుక్కుని, చివరికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్రమశిక్షణ పోయిందనడానికి అంతకంటే ఏం కావాలి? ఏప్రిల్ 2న పార్డ్యూ వెళ్లిపోయారు. తాత్కాలికంగా వచ్చిన డారెన్ మూర్ తొలి ఐదు మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌పై 1-0, లివర్‌పూల్‌తో రెండు గోల్స్ వెనకబడి 2-2, న్యూకాజిల్‌పై 1-0, టోటెన్‌హామ్‌పై చివరి క్షణాల్లో 1-0. అయినా అప్పటికే చేయిదాటిపోయింది. మే 8న వేరే మైదానంలో సౌతాంప్టన్ గెలవడంతో వెస్ట్ బ్రామ్ కథ ముగిసింది. ఆ ఆటగాళ్లు పార్డ్యూ కోసం ఆడలేదు, మూర్ కోసం ఆడారు అంటే కాదనలేం. కానీ ఆశలు ఆవిరైపోయాక పడే బరువు వేరు, గెలిచి తీరాలన్న రోజుల్లో పడే బరువు వేరు. ఈ రెండో బరువు మెడ మీద ఉన్నప్పుడే ఆ జట్టు కూలిందన్నది కూడా చూడాలి.

మేనేజర్ కోసం ప్రాణం పెట్టి ఆడినా కిందికి పోయిన జట్ల గురించి ఎవరూ ఇంతగా మాట్లాడరు. ఇయన్ హాలోవే నడిపిన బ్లాక్‌పూల్ 2010-11లో 55 గోల్స్ కొట్టింది. చివరి రోజు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కూడా దాడి మానలేదు. 39 పాయింట్లతో దిగిపోయింది. అక్కడ లేనిది ప్రేమ కాదు, గోల్స్ ఆపే డిఫెన్స్. 78 ఇచ్చుకుంది. 2022లో బర్న్‌లీ, దాదాపు పదేళ్లు సేవ చేసిన షాన్ డైచ్‌ను 8 మ్యాచ్‌లు మిగిలుండగా తీసేసింది. మైక్ జాక్సన్ తొలి నాలుగు మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు తెచ్చారు. ఇదిగో కొత్త ఊపు అన్నారు. ఆ ఊపు చివరి రోజు దాకా నిలవలేదు, బర్న్‌లీ దిగిపోయింది.

ఆ ఊపు ఎంతవరకు మేనేజర్ మార్పు వల్లనో లెక్కగట్టిన పరిశోధనలున్నాయి. డచ్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ తమ దేశపు లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన మార్పులను తీసుకుని, అంతే దారుణంగా ఆడినా మేనేజర్‌ను మార్చని జట్లతో పోల్చారు. రెండు రకాల జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. వరుస ఓటముల్లో దురదృష్టం వాటా కూడా ఉంటుంది, అది ఎల్లకాలం ఉండదు. సరిగ్గా అట్టడుగుకు చేరినప్పుడే వేటు పడుతుంది కాబట్టి తర్వాతి లేవడం కొత్తాయన ఖాతాలోకి, ముందరి పడటం ఆటగాళ్ల ద్రోహం ఖాతాలోకి వెళ్తాయి.

అసలు ఆటగాడు కావాలని ఓడటానికి తనకేం లాభం? ప్రీమియర్ లీగ్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన క్లబ్‌కు కూడా సీజన్‌కు 100 మిలియన్ పౌండ్లకు పైగా వస్తుంది. కింది డివిజన్‌లో అందులో చిన్న ముక్కే. అందుకే చాలా కాంట్రాక్టుల్లో జట్టు దిగిపోతే జీతం కోత పడే షరతు ఉంటుంది. మేనేజర్ మీద కక్షతో తన జీతం తానే కోసుకునేవాడు ఎంతమంది ఉంటారు? ఒకరిద్దరు పెద్ద ఆటగాళ్లకు వేరే క్లబ్ ఎదురుచూస్తుండొచ్చు. మిగతా ఇరవై మందికి ఆ దారి లేదు. ఇక క్లబ్ వైపు చూస్తే, 2002-03 నుంచి ఆటగాళ్ల బదిలీలు ఏడాదిలో రెండు గడువులకే పరిమితం. జనవరి గడువు దాటాక యజమాని చేతిలో మార్చడానికి మిగిలే కీలకమైన మనిషి మేనేజర్ ఒక్కడే. ఆ మార్పును సమర్థించుకోవడానికి డ్రెస్సింగ్ రూమ్ చేజారిందన్న, అంటే ఆటగాళ్లు మేనేజర్ మాట వినడం లేదన్న కథ అక్కరకొస్తుంది. వేసవిలో ఎవరిని కొన్నారు, ఎవరిని అమ్ముకున్నారు అన్న ప్రశ్న వెనక్కిపోతుంది.

లీసెస్టర్‌కే మళ్లీ వద్దాం. 2024 నవంబర్ 23న ఆ జట్టు సొంతగడ్డ మీద చెల్సీ చేతిలో 2-1తో ఓడింది. అప్పుడు చెల్సీ మేనేజర్ ఎంజో మరెస్కా. అంతకుముందు సీజన్‌లో లీసెస్టర్‌ను పైకి తెచ్చి, వెంటనే చెల్సీకి వెళ్లిపోయిన మనిషి. ఆ ఓటమి తర్వాత ఆటగాళ్లు కోపెన్‌హాగన్‌లో క్రిస్మస్ పార్టీ చేసుకున్నారు. ఎంజో, నిన్ను మిస్ అవుతున్నాను అని రాసిన బోర్డు ఆ పార్టీ వీడియోలో కనిపించింది. 24న మేనేజర్ స్టీవ్ కూపర్‌ను తీసేశారు. ఆ బోర్డు పెట్టడం తప్పే, ఉద్యోగం కోసం పోరాడుతున్న మనిషికి అది అవమానమే. అయితే కూపర్ 12 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు తెచ్చి జట్టును 16వ స్థానంలో ఉంచారు.

తర్వాత వచ్చిన రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్ తొలి మ్యాచ్‌లో వెస్ట్ హామ్‌పై 3-1తో గెలిచారు. చూశారా, వద్దనుకున్నవాడు పోగానే ఆడారు అన్న మాట మళ్లీ వచ్చింది. కొన్ని వారాల్లోనే ఆ మాట అన్నవాళ్లు కనిపించలేదు. లీసెస్టర్ సొంత మైదానంలో వరుసగా 9 లీగ్ మ్యాచ్‌లు ఒక్క గోల్ కూడా లేకుండా ఓడింది. కూపర్ వెళ్లాక ఆడిన 26 మ్యాచ్‌ల్లో వచ్చినవి 15 పాయింట్లు. ఎవరిని వదిలించుకోవడానికి ఆటగాళ్లు ఆడలేదన్నారో ఆయన వెళ్లిపోయాకే ఆట ఇంకా దిగజారింది. 2025 ఏప్రిల్ 20న లివర్‌పూల్ చేతిలో 1-0 ఓటమితో, ఐదు మ్యాచ్‌లు మిగిలుండగానే లీసెస్టర్ దిగిపోవడం ఖాయమైంది. వాన్ నిస్టెల్‌రాయ్‌తో తెగతెంపులు చేసుకుంటున్నట్టు క్లబ్ ప్రకటించడానికి జూన్ 27 దాకా పట్టింది. ఆ రెండు నెలల ఆలస్యానికి ఏ ఆటగాడి మీదా నింద వేయలేం.