నిలిచిన బండి కింద నల్లమట్టి

ఆగస్టు నెలలో డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న పొలాల వైపు వెళ్లి చూస్తే, అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఆ నేల కొత్తగా అనిపించదు. నెర్రెలు విచ్చిన నల్లమట్టి, కొన్ని నెర్రెల్లో చేయి సులువుగా దూరుతుంది. వాన పడితే అదే మట్టి చెప్పుల అడుగున అట్టకట్టి, నాలుగడుగులు వేసేసరికి కాలు ఎత్తలేనంత బరువవుతుంది. ఆదిలాబాద్‌లోనూ కర్నూలులోనూ నల్లరేగడి అని పిలిచే నేలనూ, టెక్సస్ రాష్ట్రపు ప్రతినిధి మృత్తికగా పేరుపొందిన ‘హ్యూస్టన్ బ్లాక్’ నేలనూ మృత్తికా శాస్త్రజ్ఞులు ఒకే వర్గంలో చేర్చి వర్టిసోల్ అన్నారు. ఇటువంటి నేల ఉన్న పెరట్లో పాత సైనిక లారీని నిలుపుకోవడం ఎలాగన్నది చిన్న ప్రశ్నలా కనిపించినా, దానికి జవాబు వెతుకుతూ పోతే భూసాంకేతిక శాస్త్రంలో సగం తిరిగి రావలసి వస్తుంది.

అమెరికాలో ఇలా ఇళ్లకు చేరిన లారీల్లో ప్రసిద్ధమైనది ఎం-35. 1950 దశకం తొలినాళ్ల నుంచి అనేక దశాబ్దాలు సైన్యంలో పనిచేసి, ఆ తరువాత వేలంలో సామాన్యుల చేతికి వచ్చిన ఆరు చక్రాల చోదనం గల బండి ఇది. దీనిని ‘రెండున్నర టన్నుల బండి’ అంటారు గనుక దాని బరువు అంతేనని కొందరు పొరబడతారు. ఆ అంకె రోడ్డు లేని చోట అది మోయవలసిన సరుకుది. ఎం-35ఎ2 రకం ఖాళీ బండి బరువే సుమారు 5,900 కిలోలు. వెనుక రెండు ఇరుసుల మీద జంట టైర్లు కలిపి ఎనిమిది ఉంటాయి, ముందు రెండే ఉంటాయి, పైగా ఇంజను బరువు ఆ రెండింటి మీదే పడుతుంది. అందుకే ఖాళీ బండి దిగబడినప్పుడు ముందు చక్రాలే ముందుగా కూరుకుపోతాయి.

ముందు చక్రం ఒక్కొక్కటి 1,300 కిలోలు మోస్తున్నదనుకుందాం. టైరు నేలకు ఆనే చోట ఒత్తిడి రమారమి లోపలి గాలి ఒత్తిడికి సమానం. చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోల గాలి ఉంటే ఆనే విస్తీర్ణం 370 చదరపు సెంటీమీటర్లు, అంటే రెండు అరచేతులు పక్కపక్కన పరిచినంత. ఇక నేల వైపు చూస్తే, మెత్తని బంకమట్టి తన కోత బలానికి (పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా నిలదొక్కుకునే శక్తికి) సుమారు 6 రెట్ల ఒత్తిడి వద్ద పక్కలకు పొర్లి లొంగిపోతుంది. వేలితో తేలికగా నొక్కితేనే రూపు మారే మట్టి ఆ లెక్కన చదరపు సెంటీమీటరుకు ఒకటి, ఒకటిన్నర కిలోలకు మించి మోయలేదు. బొటనవేలు గట్టిగా అదిమితే గాని గుంట పడని మట్టి 3 నుంచి 6 కిలోల వరకు ఓర్చుకుంటుంది. మనిషి నిలబడినప్పుడు పాదాల కింద ఒత్తిడి పావు కిలో దగ్గరే ఉంటుంది కాబట్టి, ‘నేను నడిచి చూశాను, గట్టిగానే ఉంది’ అన్న మాటకు లారీ విషయంలో విలువ లేదు.

గాలి తగ్గిస్తే ఒత్తిడి తగ్గుతుందన్నది నిజమే. రెండో ప్రపంచ యుద్ధ కాలపు డక్ అనే ఉభయచర లారీలో, ఇసుక తీరం ఎక్కేటప్పుడు డ్రైవరు కూర్చున్న చోటి నుంచే టైర్ల గాలిని తగ్గించి, గట్టి నేల రాగానే పెంచుకునే ఏర్పాటు ఉండేది. అయితే అది దాటిపోయే బండికి పనికివచ్చే ఉపాయం; నెలల తరబడి కదలని బండిని తక్కువ గాలితో వదిలేస్తే టైరు పక్కగోడలు మడతపడి పాడవుతాయి.

సైన్యాలు నేలను గురించి చేసిన పరిశోధనలో ఎక్కువ భాగం ఈ దాటిపోవడం గురించే. మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో అమెరికా సైనిక ఇంజనీర్లు చిన్న ఉక్కు శంకువును కడ్డీ చివర బిగించి, నేలలోకి గుచ్చి, దానికి పట్టిన బలాన్ని బట్టి ఏ బండి ఒకసారి దాటగలదో, ఏది 50 సార్లు దాటగలదో అంచనా వేసే పద్ధతిని తీర్చిదిద్దారు. నిలిచిన బండి సంగతి వేరు. చక్రం దొర్లి వెళ్లే క్షణంలో బంకమట్టిలోని నీటికి బయటికి పోయే వ్యవధి ఉండదు. చక్రం అక్కడే ఉండిపోతే, ఆ బరువుకు సూక్ష్మ రంధ్రాల్లోని నీరు కొద్దికొద్దిగా పిండబడి, మట్టి వారాలు, నెలల పాటు అణుగుతూనే ఉంటుంది. దీనికి గణితరూపం ఇచ్చిన కార్ల్ టెర్జాగీ 1925లో వెలువరించిన గ్రంథంతోనే ఆధునిక మృత్తికా యాంత్రికశాస్త్రం మొదలైందంటారు. కాబట్టి నిరుడు వేసవిలో చెక్కుచెదరకుండా బండి ఎక్కిన పెరడు, ఈ ఏడు దానిని సమంగా నిలుపుతుందన్న హామీ ఏమీ లేదు.

నల్లరేగడిలో అణగడంతో పాటు పొంగడం కూడా ఉంది. ఇందులోని మాంట్‌మోరిల్లోనైట్ ఖనిజం అతి పలుచని రేకుల దొంతర వంటిది. నీరు రేకుల మధ్యకు చొరబడి వాటిని ఎడం చేస్తుంది, ఎండితే రేకులు తిరిగి దగ్గరవుతాయి. ఇబ్బంది ఏమిటంటే తేమ అంతటా ఒకేలా మారదు. లారీ తొట్టి కింద నేల వాన పడక పొడిగా ఉంటే, తొట్టి అంచు నుంచి కారే నీరంతా ఒక వైపు చక్రాల దగ్గర చేరుతుంది. పక్కన పెద్ద చెట్టు ఉంటే దాని వేర్లు ఆ వైపు తేమను పీల్చి నేలను కుంగదీస్తాయి. చూస్తుండగానే బండి ఒక పక్కకు ఒరుగుతుంది.

ఈ ఒరుగుడు ఎం-35కు ప్రత్యేకంగా ప్రమాదకరం, ఎందుకంటే దాని హ్యాండ్‌బ్రేక్ చక్రాలను పట్టుకోదు. ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉన్న డ్రమ్మును, అంటే వెనుక ఇరుసులకు పోయే షాఫ్టును మాత్రమే పట్టుకుంటుంది. షాఫ్టు బిగిసి ఉన్నా, రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ స్వభావం వల్ల ఒకే ఇరుసు మీది ఎడమ చక్రం ముందుకూ, కుడి చక్రం వెనక్కూ తిరగగలవు. రెండు వైపులా పట్టు ఉన్నంతవరకు అది జరగదు. ఒక పక్క వెనుక చక్రాలన్నీ జారుడు బురదలో పడితే మాత్రం అవి ఒకవైపు తిరుగుతుండగా, గట్టి నేల మీదివి రెండోవైపు దొర్లి బండి వాలులోకి కదలవచ్చు. 10 మీటర్లకు 1 మీటరు వాలు ఉన్నచోట ఈ బండిని కిందికి లాగే బలం దాదాపు 590 కిలోల బరువుకు సమానం. పైగా బ్రేకు వేసి నెలలు వదిలితే లైనింగు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుంటుంది. మన లారీల క్లీనర్లు బండి ఆగీ ఆగకముందే దిగి చక్రం కింద రాయి పెట్టే అలవాటు యాంత్రికశాస్త్ర రీత్యా నూటికి నూరు పాళ్లూ సరైనది; తడి బంకమట్టి మీద ఆ రాయి కూడా జారుతుంది గనుక కింద పలక ఉండాలి, అంతే తేడా.

పలక పని ఒత్తిడిని పంచడం. 60 సెంటీమీటర్ల చదరపు ఉక్కు పలక మీద అదే 1,300 కిలోల చక్రం నిలిస్తే ఒత్తిడి 3.5 నుంచి 0.36 కిలోలకు పడిపోతుంది. కానీ పలక ఎంత వెడల్పయితే దాని ప్రభావం అంత లోతుకు, సుమారు వెడల్పుకు రెండింతల దాకా పోతుంది. పైన అడుగు మందాన గట్టిగా ఉండి కింద మెత్తగా ఉన్న నేలలో ఇది మరచిపోకూడదు. యుద్ధకాలంలో బురద మైదానాలను విమానాశ్రయాలుగా మార్చిన, 1941 సైనిక విన్యాసాల్లో నార్త్ కరోలినాలోని మార్‌స్టన్ వద్ద వాడి చూసిన చిల్లుల ఉక్కు పలకలు కూడా ఇదే సూత్రం మీద పనిచేశాయి. ఒక్కొక్కటి 3 మీటర్ల పొడవు, 38 సెంటీమీటర్ల వెడల్పు, 30 కిలోల బరువు. పాత సైనిక బండ్ల అభిమానులకు ఇవి నేటికీ ఇష్టమైన వస్తువులే.

శాశ్వతంగా చేయదలచినవారు గొయ్యి తవ్వి కంకర నింపడం చూస్తుంటాము. నల్లరేగడిలో అంతకంటే చెడ్డ ఆలోచన లేదని నా అభిప్రాయం: నీరు ఇంకని మట్టిలో కంకర గుంట తొట్టిలా మారి, చుట్టూ ఉన్న మట్టిని ఏడాది పొడుగునా నానబెడుతుంది. నేల మీదనే, నీటిని పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచి, దానిపై మెరకగా కంకర పోసి, నీరు పక్కలకు పోయేలా వాలు ఇవ్వడం మేలు. పై మట్టిలో సున్నం కలిపినా ఉబ్బే గుణం తగ్గుతుంది. సున్నంలోని కాల్షియం రేకుల మీది ఇతర అయాన్ల స్థానంలో చేరి నీటి ఆకర్షణను తగ్గిస్తుంది. నల్లరేగడి మీద మందంగా మొరం తోలించే తెలంగాణ అలవాటుకు కూడా శాస్త్రీయ ఆధారం ఉంది. ఉబ్బని, అయినా జిగట ఉన్న మట్టిని సుమారు మీటరు మందాన పరిస్తే కింది నల్లమట్టి పొంగు అదుపులో ఉంటుందని ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి ప్రయోగాలతో చూపారు.

బండిని స్టాండ్ల మీదికి ఎత్తి ఉంచితే నైలాన్ దారాల టైర్లు నేలకు ఆనే చోట చదునుబడకుండా ఉంటాయి గాని, స్టాండు పాదం చాలా చిన్నది కావడంతో ఒత్తిడి లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. దాని కిందా పలక తప్పదు. బండిని నిలిపిన రోజున ముందు రెండు, వెనుక చివరి రెండు చక్రాల నడిమి బొడ్డుల ఎత్తును, సమీపంలోని ఇంటి గోడ మీద గీసిన ఒక గుర్తుతో నీటిగొట్టం సాయంతో పోల్చి రాసి ఉంచుకోవాలి. నడి వేసవిలో ఒకసారి, వానలు బాగా పడ్డాక మరొకసారి కొలవాలి. నాలుగూ కలిసి లేచి, కలిసి దిగితే అది మట్టి ఊపిరి. ఒక్క మూల మాత్రమే దిగుతూ పోతుంటే, నేల ఆరి గట్టిగా ఉన్న రోజు చూసి, చక్రాలను పక్కకు తిప్పకుండా తిన్నగా ముందుకు తీసి, ఆ మూల కింది పలకను తిరిగి సరిచేయవలసిన సమయం వచ్చిందన్నమాట.