భుజం దగ్గర విరిగిన ఎముకకు తీగలా, ప్లేటా, రాడ్డా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

భుజం దగ్గర ఎముక విరిగితే డాక్టర్లు ఒకరికి తీగలు, ఒకరికి ప్లేటు, మరొకరికి రాడ్డు ఎందుకు వేస్తారని అడిగారు. ముందు ఆ చోటు సంగతి తెలియాలి. జబ్బ ఎముక పై కొసన గుండ్రటి తల, దాని పక్కనే కండరాల స్నాయువులు అతుక్కునే రెండు బొడిపెలు, కింద పొడవాటి కాడ ఉంటాయి. అమెరికన్ సర్జన్ చార్లెస్ నీర్ 1970లో ప్రచురించిన వర్గీకరణకు ఈ నాలుగు భాగాలే ఆధారం. ఏ భాగమైనా 1 సెంటీమీటరుకు మించి జరిగినా, 45 డిగ్రీలకు మించి వంగినా దాన్ని విడిపోయిన ముక్కగా లెక్కిస్తారు. ముక్కలు పెరిగేకొద్దీ తలకు రక్తం అందించే నాళాలు దెబ్బతినే ప్రమాదమూ పెరుగుతుంది. రక్తం అందని తలను ఎంత చక్కగా బిగించినా తర్వాత కుంగిపోవచ్చు.

తీగల పద్ధతిలో పెద్ద కోత ఉండదు. ఎక్స్‌రేలో చూసుకుంటూ చర్మం మీదుగానే ఉక్కు తీగలను ఎముకలోకి దించుతారు. అయితే వయసు మీద పడి ఎముక గుల్లబారినవారిలో వాటి పట్టు తక్కువ. తీగలు జరగవచ్చు, చర్మం దగ్గర చీము పట్టవచ్చు.

ఎక్కువ చర్చ ప్లేటు గురించే. పాతరకం ప్లేటులో స్క్రూ బలమంతా ఎముక మీదే ఆధారపడేది. గుల్లబారిన గోడలో దిగ్గొట్టిన మేకులాగా అది వదులైపోయేది. లాకింగ్ ప్లేటులో స్క్రూ తలకున్న మర ప్లేటు రంధ్రంలోని మరలో బిగుసుకోవడం వల్ల రెండూ కలిసి ఒకే చట్రంగా నిలుస్తాయి. అయినా ఎముక లోపలి అంచు, అంటే చంక వైపు అంచు, నుజ్జయి ఆసరా లేకపోతే తల అటు ఒరిగిపోతుంది, స్క్రూ మొనలు తలను చీల్చుకుని కీలులోకి పొడుచుకు వస్తాయి. అందుకే కింది నుంచి ఏటవాలుగా ఆ అంచు వెంబడి స్క్రూలు వేసి, బొడిపెలను గట్టి దారాలతో ప్లేటుకు కడతారు.

రాడ్డు ఎముక బోలులోకి పైనుంచి దిగుతుంది కాబట్టి భారం నడిమధ్యగా పోతుంది. తల కింద రెండు ముక్కలుగా విరిగినప్పుడు ఇది బాగా నప్పుతుంది. చిక్కల్లా దారిలోనే ఉంది: స్నాయువును చీల్చుకుని వెళ్తే భుజం నొప్పి మిగిలిపోవచ్చు.

ప్లేటుకూ రాడ్డుకూ మధ్య చేతి కదలికలో పెద్ద తేడా సాధారణంగా కనబడదు. నన్నడిగితే, లోపలి అంచుకు ఆసరా దొరికిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. వృద్ధుల్లో ఎముక తల మరీ ముక్కలైతే బిగింపు మానుకుని కృత్రిమ కీలు అమరుస్తారు.

అసలు ఆపరేషనే అక్కర్లేనివారూ ఎందరో. బ్రిటన్‌లో 250 మంది పెద్దలపై జరిగి 2015లో వెలువడిన ప్రోఫర్ అధ్యయనంలో, రెండేళ్లపాటు గమనించినా ఆపరేషన్ అయినవారికీ చేతిని మెడకు వేలాడదీసే పట్టీ అయిన స్లింగ్‌తో సరిపెట్టినవారికీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆపరేషన్ తప్పదని స్పష్టంగా తెలిసినవారిని అందులో చేర్చలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక మీ వయసు సంగతి. జబ్బ ఎముక పెరుగుదలలో దాదాపు 80 శాతం భుజం వైపు కొస నుంచే జరుగుతుంది కాబట్టి, కాస్త వంకరగా అతికినా పెరిగేకొద్దీ చాలావరకు సర్దుకుంటుంది. చాలామంది పిల్లలకు స్లింగే చాలు. ఎదుగుదల ముగియవచ్చిన పెద్ద పిల్లల్లో ముక్కలు బాగా జరిగితే మాత్రం తీగలు వేసి, కొన్ని వారాలకు లాగేస్తారు.

మీ తాతయ్య